ఊట బాగు చెయ్యడానికి డబ్బు ఎవరిస్తారు?

పోయిన సంచికలో అడవిని కాపాడాలని మూడు వ్యాసాలు వచ్చాయి. అవి చదివి ఎనిమిదో తరగతి తమ్ముడొకడు నన్ను అడిగాడు: "సరే అన్నా, కాపాడదాం. డబ్బులెవరిస్తారు?" ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. పంచాయతీ ఆఫీసులో అడిగి, లైబ్రరీలో చదివి, సైన్సు మాస్టారిని విసిగించి తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు గ్రాంటు అంటే ఏంటో చెప్పాలి. తిరిగి కట్టనక్కర్లేని డబ్బుని గ్రాంటు అంటారు. అలాగని ఊరికే ఇచ్చేది కాదు. ఏ పనికిచ్చారో ఆ పనికే పెట్టాలి, లెక్క చూపాలి. వనసంరక్షణ సమితుల కాలంలో "ప్రపంచబ్యాంకు డబ్బులిచ్చింది" అని మన పెద్దవాళ్ళు చెప్తుంటారు కదా, 1994లో వచ్చిన ఆ అటవీ ప్రాజెక్టు డబ్బు ప్రభుత్వం తీసుకున్న అప్పు. గ్రాంటు వేరు, అప్పు వేరు.

ఇక అసలు విషయం. మా ఊరి గెడ్డకి పైన కొండలో ఊట ఉంది. మా తాత చిన్నప్పుడు ఎండాకాలంలో కూడా మోకాలి లోతు పారేదట. ఇప్పుడు ఏప్రిల్ వస్తే ఆడవాళ్ళు బిందె నింపుకోడానికి వరసలో కూర్చుంటారు. మీ ఊళ్ళల్లో కూడా ఇదే కథ అని నాకు తెలుసు. 2018లో నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం దేశంలో సుమారు 50 లక్షల ఊటలున్నాయి. హిమాలయాల్లో ఏడాదంతా పారే ఊటల్లో సగం దాకా ఎండిపోవడమో, వానాకాలపు ఊటలుగా మారడమో జరిగిందని కూడా అందులో ఉంది.

ఊట బాగవ్వాలంటే నీరు బయటికొచ్చే చోట సిమెంటు కడితే చాలదు. వాన నీరు ఇంకే చోటు ఇంకా పైన ఉంటుంది, ఒక్కోసారి కొండకి అవతలి పక్క ఉంటుంది. అక్కడ వాలుకి అడ్డంగా కందకాలు తవ్వాలి, గడ్డి పెంచాలి, చెట్లు పెంచాలి, కొన్నేళ్ళు మేకల్ని రానివ్వకూడదు. సిక్కిం రాష్ట్రంలో 2008 నుంచి "ధారా వికాస్" అనే పేరుతో ఈ పనే చేశారు. దానికి డబ్బు ఎక్కువ భాగం ఎక్కడిదనుకున్నారు? మన అమ్మానాన్నలు పనికెళ్ళిన ఉపాధి హామీ డబ్బే! 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయిన పథకం అది. ఆ డబ్బుతో మనూళ్ళల్లో కూడా కందకాలు తవ్వారు. కాని ఊట ఎక్కడుంది, నీరు ఎక్కడ ఇంకుతుంది అని ముందు చూసి తవ్వారా అన్నది వేరే మాట. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది చేసింది. 100 రోజుల బదులు 125 రోజుల పని అన్నారు. నీటి పనులు ఇందులో కూడా ఉన్నాయి. ఖర్చులో రాష్ట్రం వాటా మాత్రం పెరిగింది.

రెండో దారి నాబార్డు. ఇది 1982లో పెట్టిన బ్యాంకు. వాటర్‌షెడ్లకీ, 2003-04 నుంచి గిరిజన కుటుంబాల తోటలకీ గ్రాంటు ఇస్తోంది. ఎకరం దాకా జీడి, మామిడి వేసుకునే "వాడి" తోటలు దీని కిందవే. అయితే డబ్బు నేరుగా మన చేతికి రాదు, మధ్యలో ఒక సంస్థ ఉంటుంది. ఐక్యరాజ్య సమితి వాళ్ళ చిన్న గ్రాంట్ల పథకం కూడా ఉంది. 1992లో మొదలయింది. చాలా ఏళ్ళు 50 వేల డాలర్ల దాకా ఇచ్చేవారు. మీ వంతు ఎంత అని వాళ్ళు అడుగుతారు. భయపడకండి, మనం చేసే శ్రమ కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

కంపెనీల సంగతి. 2013 చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం మంచి పనులకి పెట్టాలి. పర్యావరణం అందులో ఉంది. నాకు ఈ దారి మీద పెద్ద నమ్మకం లేదు. మా పక్క కొండ మీద ఒక సంస్థ ఇలాంటి డబ్బుతోనే మొక్కలు నాటించి, బోర్డు పెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్ళింది. రెండో ఎండాకాలానికి బోర్డు ఒక్కటే మిగిలింది. ఎందుకంటే డబ్బు గుంతకీ, మొక్కకీ మాత్రమే ఇచ్చారు. నీళ్ళు పొయ్యడానికి, కాపలాకి పైసా లేదు. అందుకని ఎవరిని అడిగినా మూడేళ్ళ సాకుడు ఖర్చు కలిపి అడగాలి. ఏ మొక్కలో కూడా మనమే రాయాలి. మనం రాయకపోతే నీలగిరి వస్తుంది. మనకి కావలసింది పనస, నేరేడు, ఇప్ప, ఉసిరి, అడ్డతీగ.

అన్నిటికన్నా పెద్ద డబ్బు ఇంకొకటుంది. గనికో, రోడ్డుకో, డ్యాముకో అడవిని తీసుకున్నవాళ్ళు దానికి బదులు డబ్బు కట్టాలి. 2016లో దీనికి చట్టం వచ్చింది. 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి. 2019 ఆగస్టులో రాష్ట్రాలకి పంపిందే 47 వేల కోట్లు పైమాట! ఇది అటవీ శాఖ చేతిలో ఉంటుంది. పోడు భూమిలో మొక్కలు నాటారనే గొడవలు వచ్చేది ఇక్కడే. 2018 నాటి నియమాల్లో గ్రామసభని సంప్రదించాలని ఉంది. కాబట్టి గ్రామసభలో మన పెద్దవాళ్ళు నోరు విప్పాలి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఊరికంతటికీ కలిపి సామూహిక హక్కు పత్రం తీసుకోవచ్చు. అది ఉంటే ఆ అడవిని కాపాడే, పెంచే హక్కు గ్రామసభదే. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మేండా లేఖా అనే గోండు ఊరు ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్లకి వాళ్ళకి పత్రం వచ్చింది. 2011 నుంచి వెదురు వాళ్ళే అమ్ముకుంటున్నారు. ఇంకొకర్ని చెయ్యి చాపి అడిగేకంటే ఇది మేలని నా అభిప్రాయం.

ఏ దారిలో వెళ్ళినా అడిగే కాగితాలు ఇంచుమించు ఒకటే. గ్రామసభ తీర్మానం, కొండ పటం, ఖర్చు అంచనా, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా. డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చు పత్రం ఇవ్వకపోతే రెండోది రాదు. మన ఏజెన్సీ ప్రాంతానికి 1996లో వచ్చిన పీసా చట్టంలో ఒక మంచి మాట ఉంది. పంచాయతీ ఖర్చు పెట్టిన డబ్బుకి ఆ పత్రం గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. ఈ సంగతి మా ఊళ్ళో చాలామందికి తెలియదు.

ఇంకొకటి కూడా ఉంటే అడిగినవాడి మాటకి బలం వస్తుంది, అది మనం చెయ్యగలం. ఊట కొలత! 10 లీటర్ల బకెట్టు పెట్టి, ఎన్ని సెకండ్లలో నిండిందో చూడాలి. 20 సెకండ్లయితే రోజుకి 43,200 లీటర్లు. 50 సెకండ్లయితే 17,280 లీటర్లే. నెలకోసారి ఒకే చోట కొలిచి తేదీతో రాయాలి. "నీరు తగ్గింది సార్" అంటే ఎవరూ వినరు. రెండేళ్ళ కొలతల పుస్తకం బల్ల మీద పెడితే ఆఫీసరు గారు కూడా కళ్ళజోడు పెట్టుకుంటారు.

వార్డెన్ గారికి ఒక మనవి. సెలవులకి వెళ్ళేటప్పుడు ఊరికొక నోటుపుస్తకం ఇప్పించండి. తీర్మానం నమూనా సైన్సు మాస్టారు దిద్దిచ్చారు, ఈ పత్రిక కిందనే మేకుకి తగిలించాం. ఊరి పేరు, కొండ పేరు దగ్గర ఖాళీ వదిలాం. చింపకండి, కాపీ చేసుకోండి.

— తొమ్మిదో తరగతి, బి సెక్షను