తాకిన తరువాతే శుద్ధి

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు వేసే రైతుకు ఓపిక గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. జూన్‌లో విత్తనం పెడితే సంక్రాంతి దాటేదాకా దుంప భూమిలోనే ఉంటుంది. తవ్వాలి, ఉడకబెట్టాలి, కల్లంలో ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి. అంతా అయ్యాక నిజామాబాద్ యార్డుకు తోలుకెళ్తే కొమ్ము రంగు, గట్టిదనం, తేమ చూసి ధర కడతారు. ఆ ధర న్యాయంగా ఉండాలనే 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేశారు. బరిలో మొత్తం 185 మంది నిలవడంతో నిజామాబాద్ పోలింగ్ దేశమంతా మాట్లాడుకునే విషయమైంది. సరుకుకు తగ్గ ధర దక్కాలని అడగడం న్యాయమే, అడిగి తీరాలి కూడా. అయితే యార్డులో న్యాయమైన ఈ లెక్కను మనం తెలియకుండానే గుడికీ చర్చికీ కూడా మోసుకెళ్తాం. ఇంత ఉపవాసానికి ఇంత ఫలం, ఇంత కానుకకు ఇంత దీవెన అని లెక్కేసుకుంటాం. దేవుడు కూడా సరుకు చూసే ధర కడతాడని నమ్ముతాం. క్రైస్తవ విశ్వాసం సరిగ్గా ఈ లెక్కనే కాదంటుంది. కృప ముందు వస్తుందని, మనిషి భక్తి దానికి బదులుగా తరువాత పుడుతుందని అది చెబుతుంది. ఈ వరుస తారుమారైతే పాపమన్న మాట మనిషిని కొట్టే కర్ర అవుతుంది, భక్తి బేరమైపోతుంది. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. ఆర్మూరు నుంచి హైదరాబాద్ వైపు 44వ జాతీయ రహదారి పట్టుకుంటే ఇదే జిల్లాలో డిచ్‌పల్లి ఉంది.

స్కాట్లండ్‌లో పుట్టి అబర్డీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో వైద్యం చేస్తున్నప్పుడు ఆమె దగ్గరికి కుష్ఠు రోగులు రావడం మొదలైంది. చేర్చుకుందామంటే చోటు లేదు, ఇచ్చి నయం చేద్దామంటే మందు లేదు. ఆ రోజుల్లో రోగిని ఊరు వెలివేసేది, చాలాసార్లు ఇల్లు కూడా వెలివేసేది. పోయిన జన్మ పాపమని కొందరు, దేవుడి శాపమని కొందరు అనేవారు. హిందువైన రాజా నర్సాగౌడ్ ఉదారంగా విరాళమివ్వడంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు వైద్యశాల మొదలైంది. తేదీలను కాస్త నిదానంగా చూడాలి. చాల్‌మూగ్ర జాతి నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతిని కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ మెరుగుపరిచాక, 1920ల తొలినాళ్లలోగానీ అది డిచ్‌పల్లికి చేరలేదు. అది కూడా కొందరికే, కొంతవరకే పనిచేసేది. నిజంగా నయంచేసే డాప్సోన్ వచ్చింది 1940లలో. ఇసబెల్ కెర్ 1932లోనే కన్నుమూశారు. నమ్మదగిన మందును ఆమె చూడనేలేదు. నయమవుతుందన్న హామీ లేని రోజుల్లోనే కట్లు కట్టారు, గదులు కట్టారు, మనుషుల్ని పేరు పెట్టి పిలిచారు. ఫలితం చూసుకుని పెట్టే పెట్టుబడి అయితే ఆ పని మొదలయ్యేదే కాదు.

కెర్ దంపతులు చదివిన సువార్తల్లో ఈ వరుస స్పష్టంగా ఉంది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక కుష్ఠు రోగి యేసు ముందు మోకరిస్తాడు. లేవీయకాండము ప్రకారం అతను అపవిత్రుడు, పాళెం వెలుపల ఉండాల్సినవాడు. (బైబిల్ చెప్పే ఆ చర్మవ్యాధి, నేడు మనం కుష్ఠు అంటున్నది ఒకటే కాదని చాలామంది పండితుల అభిప్రాయం. వెలి మాత్రం రెండింటికీ ఒకటే.) శుద్ధి అయ్యాక తాకడం మతం అనుమతించిన పద్ధతి. యేసు ముందు తాకాడు, ఆ తరువాతే ఆ మనిషి శుద్ధుడయ్యాడు. లూకా పదిహేడో అధ్యాయంలో పదిమంది బాగుపడతారు, కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగొస్తాడు, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడే. రాని తొమ్మిదిమంది ఆరోగ్యాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేదు. తిరిగొచ్చినవాడికి మాత్రం ఆరోగ్యంతోపాటు ఆ ఆరోగ్యమిచ్చినవాడు కూడా దొరికాడు. భక్తి అంటే ఆ తిరిగి రావడమే అని నేను చదువుకుంటాను. ఇక యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూపించి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని జవాబొస్తుంది. రోగిని చూసి పాపి అనే నోటికి ఆ ఒక్క జవాబు చాలాలి.

అలాగని క్రైస్తవం పాపాన్ని తేలిగ్గా తీసుకోలేదు. దొంగతనం, అబద్ధం, వ్యభిచారం అన్న పట్టికతో అది ఆగదు. ఆ పట్టికలో ఒక్కటీ చేయని మనిషి కూడా లోకమంతా తన చుట్టూనే తిరగాలనుకోవచ్చు. హృదయం తనలోకి తానే వంగిపోవడమని మార్టిన్ లూథర్ 1515లో రోమీయుల పత్రిక మీద పాఠాలు చెబుతూ వివరించింది ఈ స్థితినే. పుట్టిన బిడ్డను కూడా పాపి అనడం మనిషికి అవమానం కాదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఐదో శతాబ్దంలో క్రైస్తవ బోధకుడు పెలాగియస్ అదే అడిగాడు, బిషప్ అగస్టీన్‌తో తగవు అక్కడే వచ్చింది. అయితే పర్యవసానాలు చూడండి. మనిషి తన ప్రయత్నంతోనే మంచివాడు కాగలడంటే, కానివాడిది పూర్తిగా వాడి తప్పే అవుతుంది. అప్పుడు గెలిచినవాడు ఓడినవాణ్ని చిన్నచూపు చూడవచ్చు. అందరూ ఒకే జబ్బు పడ్డవాళ్లమంటే, వైద్యురాలు రోగికన్నా ఎక్కువ పవిత్రురాలని అనుకోవడానికి వీల్లేదు. రోమీయుల పత్రికలో పౌలు భేదమేమీ లేదని, అందరూ పాపం చేశారని వాదించింది మనిషిని కించపరచడానికి కాదు, యూదుడికి అన్యుడి మీద ఉన్న ఆధిక్యాన్ని తీసేయడానికి. అంటరానితనం పాతుకుపోయిన మన సమాజంలో ఈ సిద్ధాంతం చేయగల మేలు ఇంకా పూర్తిగా వాడుకోలేదు.

భక్తి ముందు, కృప తరువాత అనుకుంటే ఏమవుతుందో ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ జీవితం చూపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన, తమ్ముడు చార్లెస్, మరికొందరు కలిసి క్రమం తప్పకుండా ఉపవాసాలు చేశారు, జైళ్లకు వెళ్లి ఖైదీలను చూశారు, పేదలకు సాయపడ్డారు. తోటి విద్యార్థులు వాళ్లను పవిత్రుల సంఘమని వెక్కిరించేవారు. 1735లో వెస్లీ అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్లి, రెండేళ్లకు విఫలుడై తిరిగొచ్చాడు. ఇంత చేసినా దేవుడు తనను అంగీకరించాడన్న నమ్మకం కుదరలేదు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమీయుల పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా, తన పాపాలు క్షమించబడ్డాయన్న భరోసా తనకు దొరికిందని రాసుకున్నాడు. ఆశ్చర్యమేమిటంటే ఆ తరువాత ఆయన చేసిన పనులు పాతవే, పదింతలయ్యాయి. 1739 నుంచి పొలాల్లో, గనుల దగ్గర బోధించాడు. 1746లో లండన్‌లో పేదలకు ఉచిత వైద్యశాల పెట్టాడు, 1747లో సామాన్యులు వాడుకోగల వైద్యపుస్తకం అచ్చువేశాడు. అర్హత సంపాదించడానికి చేసినప్పుడు ఆ పనులు ఆయన్ని తినేశాయి. కృతజ్ఞతగా చేసినప్పుడు ఎనభై ఏడో ఏట 1791లో పోయేదాకా అలసట తెలియనివ్వలేదు. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయంలో పూర్ణహృదయంతో దేవుణ్ని ప్రేమించాలన్న ఆజ్ఞ ఉంది. దాన్ని ఆయన కొందరు సన్యాసులకే పరిమితం చేయలేదు, బొగ్గు గని కూలీకి కూడా అందుబాటులో ఉన్న జీవితమన్నాడు. కెర్ దంపతులను డిచ్‌పల్లికి పంపింది ఆయన పేరు పెట్టుకున్న సంఘమే.

కృప ఉచితమైతే పాపం చవకైపోదా? దీన్ని తేలిగ్గా దాటవేయకూడదు, ఎందుకంటే చరిత్రలో ఇది జరిగింది. బానిసల ఓడల్లో పనిచేసిన జాన్ న్యూటన్ 1748లో సముద్రంలో తుఫానుకు చిక్కి దేవుణ్ని వేడుకుని విశ్వాసి అయ్యాడు. ఆ తరువాత కూడా ఓడ కెప్టెన్‌గా మనుషుల్ని గొలుసులేసి అట్లాంటిక్ దాటించాడు. 1754లో సముద్రం మానేసింది కూడా అనారోగ్యం వల్లే. కృప గురించిన ఆయన ప్రసిద్ధ కీర్తన 1773 నాటిది. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, తన పాత్రను ఒప్పుకుంటూ పుస్తకం ప్రకటించింది 1788లో. క్షమాపణ పొందడానికీ ఆ క్షమ అతని చేతుల్లోకి దిగడానికీ మధ్య నలభై ఏళ్లు. ఆ నలభై ఏళ్లలో ఓడల అడుగున చనిపోయినవాళ్లకు ఈ ఆలస్యం గురించి ఏ వేదాంతి ఏం చెప్పగలడు? నేను చెప్పగలిగింది ఇంతే: కృప తప్పును కప్పిపెట్టదు, తప్పును చూసే ధైర్యాన్నిస్తుంది. ఆ ధైర్యాన్ని వాడుకోకపోతే కృప పొందానని చెప్పుకోవడం అబద్ధమవుతుంది. పౌలు రోమీయుల పత్రిక ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్ననే తనకు తాను వేసుకుని, గట్టిగా కాదంటాడు. హిట్లర్ పాలనలో, 1937లో, జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ మూల్యం లేని చవకబారు కృపను చర్చి శత్రువుగా పేర్కొన్నాడు. 1945లో నాజీలు ఆయన్ని ఉరితీశారు. లూకా పందొమ్మిదో అధ్యాయంలో సుంకం వసూలుచేసే జక్కయ్య ఇంటికి యేసు ముందే అతిథిగా వెళ్తాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని జక్కయ్య అన్నది తరువాత. బాధితుడికి రావాల్సింది రాకపోతే కథ అక్కడ పూర్తయ్యేది కాదు. దేవుడు క్షమించాడని చెప్పి కోర్టు తప్పించుకోవాలనుకునేవాడికి జక్కయ్య అండ దొరకదు.

ఈ తగవు క్రైస్తవులకే పరిమితమని అనుకోనవసరం లేదు. శ్రీవైష్ణవుల్లో వడగలై, తెన్గలై సంప్రదాయాలు మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అంటూ వందల ఏళ్లు వాదించుకున్నది దీని గురించే. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. దేవుడి దయలో మనిషి ప్రయత్నం ఎంత అన్న ప్రశ్న తెలుగు నేలకు కొత్తకాదు. క్రైస్తవం ప్రత్యేకంగా చెప్పేది, తల్లి తానే గాయపడి కూనను తీసుకుపోయిందని. సిలువ అర్థం అది. ఉచితం అన్నది పొందేవాడి వైపు నుంచే, ఇచ్చేవాడి వైపు నుంచి కాదు.

మరో విమర్శ మిషన్ ఆసుపత్రుల మీదే: మందు ఎర, మతం గాలం అని. కెర్ దంపతులు మిషనరీలు, బోధించడానికే వచ్చారు, ఆ సంగతి దాచుకోలేదు. విమర్శకు కొలమానం వాళ్లు నమ్మిన సిద్ధాంతంలోనే ఉంది. ఎక్కడైనా ఎవరైనా కట్టు కట్టడానికి విశ్వాసాన్ని షరతుగా పెట్టి ఉంటే, వాళ్లు హిందూ ధర్మానికి చేసినదానికన్నా క్రైస్తవానికే ఎక్కువ ద్రోహం చేసినట్టు, ఎందుకంటే కృపను మళ్లీ వ్యాపారం చేశారు. అదే కొలమానంతో ఈనాటి తెలుగు చర్చిని కూడా చూడాలి. దశమభాగం ఇస్తే పదింతలు వస్తుందని, ప్రత్యేక కానుకతో ఉద్యోగం, వీసా, సంతానం ఖాయమని వేదిక మీద బోధించేవాళ్లకు కొదవలేదు. అప్పుల్లో ఉన్న రైతు ఇంటి నుంచి ఆ కానుక కవర్ వెళ్తున్నప్పుడు దాన్ని పూర్ణహృదయ భక్తి అనడం నాకు చేతకాదు. ఫలితం రాకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. పాత శాపమే కొత్త గొంతుతో మాట్లాడుతోంది. 1915లో డిచ్‌పల్లి వాకిట్లోకి వచ్చిన రోగిని ఊరు అన్నమాటకీ దీనికీ తేడా నాకు కనబడదు.

ఆ శాపం చట్టంలో కూడా ఎంతకాలం బతికిందో చూస్తే బాధేస్తుంది. కుష్ఠు కారక క్రిమిని నార్వేలో హాన్సన్ 1873లోనే గుర్తించాడు. రోగుల్ని నిర్బంధించే 1898 నాటి చట్టం మన దేశంలో 2016దాకా రద్దు కాలేదు. జీవితభాగస్వామికి కుష్ఠు ఉంటే విడాకులు కోరవచ్చన్న, లేదా విడిగా ఉండవచ్చన్న నిబంధనను ఐదు చట్టాల నుంచి పార్లమెంటు 2019లో తొలగించింది. ఆ ఐదింటిలో హిందూ వివాహ చట్టం ఉంది, ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉంది, క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం కూడా ఉంది. ముందు తాకినవాణ్ని ప్రభువని పిలిచే సంఘం తన కుటుంబ చట్టంలో ఆ వెలిని మోసింది. పాపం అందరిదీ అన్న సిద్ధాంతం ఇక్కడ చర్చి తన మీద తానే చెప్పుకున్న సాక్ష్యమవుతుంది.

ఇప్పుడు మందు ఉంది. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న బహుళ ఔషధ చికిత్సను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. జబ్బు తీవ్రతను బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. 2005లో దేశం కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు ప్రకటించింది. అయినా ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దగ్గరే ఉన్నాయి, చాలామంది సిగ్గుతో దాచుకుని చేతులు వంకరపోయాక వస్తున్నారు. ఆర్మూరు మండలంలో ఆదివారం ఆరాధన జరిగే ప్రతి చోటా స్పర్శ లేని మచ్చ కనిపిస్తే వెంటనే చూపించుకోమని ప్రసంగ వేదిక మీది నుంచి చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అలా వచ్చినవాడు చికిత్స మధ్యలో ఉన్నప్పుడు ప్రభు భోజనపు బల్ల దగ్గర పక్కన ఎవరు నిలబడతారన్నది సంఘం ముందే మాట్లాడుకుని పెట్టుకోవాలి.