నాడి చూసే సెన్సార్‌లో మన పట్టు



గూళ్లు మార్కెట్‌కి తీసుకుపోతే రీలరు మొదట చేసే పని ఏంది? రాశిలోంచి నాలుగు గూళ్లు తీసి వేలితో నొక్కి చూస్తాడు. గట్టిగా ఉంటే ఒక రేటు, మెత్తగా లోపలికి పోతే ఇంకో రేటు. ఆ వేలు చేసే పనినే ఒక పలచని పట్టీ చేస్తే దాన్ని ప్రెషర్ సెన్సార్ అంటారు. చర్మంలాగా వంగేవి, వైరు లేనివి ఆసుపత్రుల కోసం తయారు చేయాలని శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. ఆ పనిలో మన పట్టుకూ చోటు దొరికింది. అది ఎంత చోటు, దాంతో మనకు ఏం వస్తుంది అన్నది ఈసారి చూద్దాం.

*ఒంట్లో ఒత్తిడి ఎందుకు కొలవాలి?*

బీపీ మనకు తెలిసిందే. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూస్తారు. కానీ అది ఆ ఒక్క నిమిషం లెక్క. గుండె బలహీనపడినవాళ్లకు ఊపిరితిత్తులకు పోయే రక్తనాళంలో ఒత్తిడి ముందే మెల్లగా పెరుగుతూ వస్తుంది. ఆయాసం, కాళ్ల వాపు కనబడేది తర్వాతే. ఆ పెరుగుదల ముందే తెలిస్తే మందు మార్చి కాపాడవచ్చు.

కార్డియోమెమ్స్ అనే చిన్న పరికరానికి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. దాన్ని ఆ రక్తనాళంలోనే పెడతారు. రోగి ఇంట్లో ఒక ప్రత్యేకమైన దిండు మీద పడుకుంటే, దిండులోని యాంటెన్నా ఒత్తిడిని చదివి డాక్టరుకు పంపుతుంది. 550 మంది మీద చేసిన పరీక్షలో, ఆ రీడింగులు చూసి మందులు సరిచేసినవాళ్లు గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం, మిగతావాళ్లతో పోలిస్తే ఆరు నెలల్లో 28 శాతం తగ్గింది. ఇది మెత్తగా వంగే రకం కాదు, ఇందులో పట్టూ లేదు. కానీ వైరు లేకుండా ఒంటి లోపలి ఒత్తిడి కొలవవచ్చని, దానివల్ల మేలు ఉందని ఇది చూపించింది.

*బ్యాటరీ లేకుండా ఎలా పనిచేస్తుంది?*

రెండు పలచని లోహపు పొరలు, వాటి మధ్య రబ్బరులాంటి మెత్తని పొర. నొక్కితే రెండు పొరలూ దగ్గరవుతాయి. వాటికి ఒక చిన్న తీగచుట్ట కలిపి ఉంటుంది. పాత రేడియోలో ముల్లు జరిగితే స్టేషను మారినట్టు, పొరలు దగ్గరైతే ఈ పట్టీ పలికే ఫ్రీక్వెన్సీ మారుతుంది. బయట పట్టుకున్న ఇంకో తీగచుట్ట ఆ మార్పును చదువుతుంది. కావాల్సిన కరెంటు బయట నుంచే గాలిలో అందుతుంది.

*ఇందులో పట్టు ఎక్కడ?*

ఒకటి, అచ్చుగా. చైనాలోని సుజౌ శాస్త్రవేత్తలు 2014లో పట్టుబట్ట నేత గీతలను మెత్తని సిలికోన్ పొర మీద అచ్చు తీశారు. దాని మీద కార్బన్ నానోట్యూబుల పలచని పొర వేశారు. ఆ పట్టీ చిన్న చిన్న పురుగుల బరువును కూడా పసిగట్టింది, నాడినీ గొంతు కదలికనూ పట్టింది.

రెండు, బొగ్గుగా. బీజింగ్‌లోని సింగ్హువా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో సన్నని పట్టు పోగుల పొరను వేడిచేసి కార్బన్‌గా మార్చి, దాంతో పారదర్శకమైన ప్రెషర్ సెన్సార్ చేశారు.

మూడు, కరిగే పొరగా. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇతరులతో కలిసి 2010లో పట్టు పొర మీద అతి పలచని ఎలక్ట్రోడ్ల వల పరిచి పిల్లి మెదడు మీద పెట్టారు. పట్టు కరిగిపోయి, వల మెదడు మడతలకు అతుక్కుంది. అది కొలిచింది విద్యుత్ సంకేతాలను, ఒత్తిడిని కాదు. అయినా పట్టు ఒంట్లో కుదురుకుంటుందని, పని అయ్యాక కరుగుతుందని తెలిసింది.

ఆ పొర చేసే తీరు మనకు కొత్తది కాదు. గూడు కోసి, ప్యూపా తీసేసి, పెంకును సోడా నీళ్లలో అరగంట ఉడికిస్తారు. సెరిసిన్ అనే జిగురు పోతుంది, ఫైబ్రోయిన్ మిగులుతుంది. దాన్ని లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు నీళ్లలో కరిగించి, ఆ ఉప్పు తీసేసి, పలచగా పోసి ఆరబెడతారు.

*మరి మనకేం వస్తుంది?*

ఉన్నమాట చెప్పుకుందాం. ప్రయోగశాలలో ఒక విడతకు 5 గ్రాముల పెంకు చాలు. అంటే మంచి బైవోల్టిన్ గూళ్లు పదిహేను ఉంటే ఎక్కువ. మనకు నూరు గుడ్లకు వచ్చేది కిలోల లెక్క. సెన్సార్ల కోసం గూళ్ల ధర పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. పైగా పట్టుకు పోటీ కూడా ఉంది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2019లో రక్తనాళానికి చుట్టే, తర్వాత ఒంట్లోనే కరిగిపోయే వైర్‌లెస్ సెన్సార్‌ను ఎలుకల మీద పరీక్షించారు. అది వేరే పదార్థాలతో చేసింది.

కాబట్టి ఎవరైనా వచ్చి "మెడికల్ పట్టు, డబుల్ రేటు, ముందు డిపాజిట్ కట్టండి" అంటే ఒక్క పైసా ఇవ్వకండి. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగకూడదు.

అయితే గమనించాల్సింది ఒకటుంది. ఈ పనికి పోగు తెగకుండా రావాల్సిన అవసరం లేదు. గూటిని ఎలాగూ కోసేస్తారు. రీలింగ్‌కి పనికిరాని చిల్లు గూడు కూడా శుభ్రంగా ఉంటే పనికొస్తుంది. వైద్యానికి కావాల్సింది మరక లేని గూడు, దాని వెనుక సరైన లెక్క. ఏ రకం గుడ్లు, ఏ తేదీ, తోటకు ఏ మందు కొట్టారు, పురుగుల మీద ఏ పొడి చల్లారు, ఇదంతా ఒక నోటుబుక్కులో రాసుకోండి. రేపు నిజమైన కొనుగోలుదారు వస్తే మొదట అడిగేది అదే. రాకపోయినా, జబ్బు ఎక్కడ మొదలైందో వెతకడానికి ఆ పుస్తకమే మనకు దారి చూపుతుంది.

*ఆరోగ్యం మాట*

ఇంట్లో గూడు ఉడికించి గాయానికి కట్టకండి. ప్రయోగశాల శుభ్రత వేరు, వంటింటి గిన్నె వేరు. బీపీ ఉన్నవాళ్లు పట్టు సెన్సార్ వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రిలో చేతి పట్టీతోనే చూపించుకోండి. నాలుగో జ్వరం లేచి పురుగులు ఆకు మీద ఉన్న రోజుల్లో మనకు నిద్ర ఉండదు, మాత్ర మరిచేది కూడా అప్పుడే. ఆకు కోయడానికి పోయేముందు మాత్ర వేసుకోండి.