ఎల్.ఎం.వి. కార్డు ఎంత బరువు మోస్తుంది?

జూన్ నెలలో చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మార్కెట్ యార్డు ముందు నిలబడితే బండ్లను లెక్కపెట్టడం మన వల్ల కాదు. తోతాపురి మామిడికాయ నింపుకున్న ట్రాక్టర్లు, బొలేరో పికప్‌లు, టాటా ఏస్‌లు, వాటి వెనక ఐషర్లు. ఒకటి అన్‌లోడ్ అయ్యేలోపు నాలుగు వచ్చి చేరతాయి. ఇన్ని బండ్లకూ డ్రైవర్లు కావాలి. అయినా ఆ జనంలోనే లైసెన్సు జేబులో పెట్టుకుని పనికోసం మండీ మండీ తిరిగే పిల్లోడు ఒకడు కనిపిస్తాడు.

"లైసెన్సు ఉండాదా?"

"ఉండాదన్నా."

"బ్యాడ్జి?"

"అది లేదన్నా. కారు లైసెన్సే."

"అయితే కుదరదప్పా."

మండీ యజమాని వాణ్ని తరిమేయాలని అలా అనడం లేదు. ఆయనకు తెలిసిన చట్టం అది. కాకపోతే పాతది. దాన్ని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, రెండుసార్లు విప్పి చెప్పింది. ఆ విప్పిన మాట యార్డు దాకా ఇంకా నడిచి రాలేదు.

బ్యాడ్జి అని మనం వాడుకలో అనేది ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సునే. 1988 మోటారు వాహనాల చట్టం మూడో సెక్షన్ ఏం చెబుతుందంటే, బాడుగ బండి, సరుకు బండి లాంటి ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపాలంటే ఆ మాట లైసెన్సులో ప్రత్యేకంగా ఉండాలి. అదే చట్టం రెండో సెక్షన్‌లో 'తేలికపాటి మోటారు వాహనం', అంటే ఎల్.ఎం.వి., అంటే ఏమిటో నిర్వచనం ఉంది. ఆ నిర్వచనంలో కారు, ట్రాక్టరుతో పాటు ట్రాన్స్‌పోర్ట్ వాహనం కూడా ఉంది. ఒకటే షరతు: బరువు 7,500 కిలోలు దాటకూడదు.

చిక్కు ఇక్కడే మొదలైంది. ఒక సెక్షన్ ఎల్.ఎం.వి.లో ట్రాన్స్‌పోర్ట్ బండీ ఉందంటుంది, ఇంకో సెక్షన్ ట్రాన్స్‌పోర్ట్ బండికి వేరే అనుమతి కావాలంటుంది. 1994లో చట్టాన్ని సవరించినప్పుడు మధ్యరకం, భారీ సరుకు బండ్లు, ప్రయాణికుల బండ్లు అని అంతకుముందున్న నాలుగు తరగతులను తీసేసి, వాటి స్థానంలో 'ట్రాన్స్‌పోర్ట్ వాహనం' అని ఒక్క మాట పెట్టారు. పెట్టినవాళ్ళ ఉద్దేశం పెద్ద బండ్ల గురించే. చదివినవాళ్ళు మాత్రం టాటా ఏస్‌నూ, ఆటోనూ అందులోకే లాగారు.

ఈ మాటల తగువు వల్ల ఎక్కువగా నలిగింది ప్రమాదాల్లో దెబ్బతిన్న కుటుంబాలు. పికప్ బండి గుద్ది మనిషి పోతే, డ్రైవరుకు ఎల్.ఎం.వి. మాత్రమే ఉంది, ట్రాన్స్‌పోర్ట్ లేదు, మేం పరిహారం కట్టం అని ఇన్సూరెన్సు కంపెనీలు కోర్టుకెక్కేవి. కొన్ని కేసుల్లో కోర్టు, ముందు బాధితులకు మీరు కట్టండి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోండి అనేది. మండీ యజమాని భయం వెనకున్నది ఇదే. పోలీసు రాసే ఫైను రోజుతో పోతుంది. లక్షల పరిహారం తన మెడకు చుట్టుకుంటుందేమోనని ఆయన బ్యాడ్జి అడుగుతాడు.

2017 జూలై 3న ముకుంద్ దేవాంగన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చేసింది: ఎల్.ఎం.వి. లైసెన్సు ఉన్నవాడు ఆ తరగతికి చెందిన ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపడానికి వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ అదే మాట రాష్ట్రాలకు రాసి పంపింది. ఇన్సూరెన్సు కంపెనీలు ఒప్పుకోలేదు. వ్యవహారం రంభాదేవి కేసు పేరుతో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి చేరింది. 2024 నవంబరు 6న ఆ అయిదుగురూ ఏకగ్రీవంగా పాత తీర్పే సరైనదన్నారు. తీర్పు రాసింది జస్టిస్ హృషీకేశ్ రాయ్. ఎల్.ఎం.వి. వాళ్ళు బాడుగ బండ్లు నడపడం వల్లే ప్రమాదాలు పెరుగుతున్నాయని చూపే లెక్కలేవీ కోర్టు ముందుకు రాలేదని కూడా అందులో ఉంది. రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళిన ప్రశ్న టాటా ఏస్ లాంటి చిన్న బండ్ల డ్రైవర్లదంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఈ తీర్పుతో తేలిన మరో సంగతి అనుభవానికీ, చదువుకూ సంబంధించింది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఎల్.ఎం.వి. తీసుకుని ఏడాది నిండాలి, వైద్య ధ్రువపత్రం పెట్టాలి, అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. 2019 దాకా ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన కూడా ఉండేది. మన పల్లెల్లో చేయి తిరిగిన డ్రైవర్లు ఎంతోమంది బ్యాడ్జి దాకా పోలేకపోవడానికి ఆ ఎనిమిదో తరగతే అడ్డు. ఇలాంటి అదనపు షరతులన్నీ 7,500 కిలోలు దాటిన బండ్లకే అని ధర్మాసనం స్పష్టం చేసింది.

మరి ఏ బండి ఈ గీతకు లోపల, ఏది బయట? ఊహించాల్సిన పని లేదు. బండి ఆర్.సి.లో 'గ్రాస్ వెయిట్' అని ఒక అంకె ఉంటుంది. బండి బరువూ, అది మోయగలిగిన సరుకు బరువూ కలిపిన లెక్క అది. సరుకు బండికీ, బస్సు తరహా బండికీ చూడాల్సింది ఆ అంకెనే. కారుకూ ట్రాక్టరుకూ మాత్రం ఖాళీ బండి బరువు చూస్తారు. టాటా ఏస్, బొలేరో పికప్, 407, టెంపో ట్రావెలర్ హాయిగా లోపలే ఉంటాయి. ఐషర్ల దగ్గర జాగ్రత్త పడాలి. చిన్నవి గీత లోపల, పెద్దవి బయట, చూపుకు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కాబట్టి ఆర్.సి. చూడకుండా స్టీరింగు పట్టకండి. పది చక్రాల లారీ గురించి చర్చే లేదు. దాని మొత్తం బరువు ఇరవై ఎనిమిది టన్నుల దాకా పోతుంది, మొగిలి ఘాట్‌లో అలాంటిదాన్ని దించడానికి వేరే చేయి కావాలి, వేరే లైసెన్సూ కావాలి.

ట్రాక్టరు గురించి ఒక మాట. తోటలో దున్నే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి కాయ తోలితే లైసెన్సు చెల్లకుండా పోతుందని కొందరు బెదిరిస్తారు. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు డ్రైవరు లైసెన్సు పనికిరాకుండా పోదని 2001లోనే నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి రోజుల తరబడి కాచుకున్నాయి. ఆ వరసలో స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోయినవాడికి లైసెన్సు బాధ లేదు. నిలబడిన రోజులకు బత్తా ఎవరిస్తారన్నదే బాధ. లోడు ఎక్కించక ముందే ఆ మాట తేల్చుకోవాలి.

గ్యాస్ సిలిండర్లు, పెట్రోలు, యాసిడ్ లాంటి ప్రమాదకరమైన సరుకుకు మాత్రం ఈ సడలింపు వర్తించదు. బండి ఎంత చిన్నదైనా, దానికి ప్రత్యేక శిక్షణ, లైసెన్సులో ప్రత్యేక ఎండార్స్‌మెంటు ఉండాల్సిందే. మండలంలోనే నూనెగుండ్లపల్లె దగ్గర అమరరాజా వాళ్ళ పారిశ్రామిక ప్రాంగణం ఉంది. బ్యాటరీ అన్నచోట యాసిడ్ ఉంటుంది గనుక, ఆ దారిలో బాడుగలు చూసుకునేవాళ్ళు లోడు ఏమిటో ముందే అడగడం మంచిది.

ఇప్పుడు అసలు గుంట దగ్గరికి వద్దాం. తీర్పు మాట కొంచెం చెవిన పడినవాళ్ళు ఇందులోనే పడుతున్నారు. కోర్టు చెప్పింది మనిషి లైసెన్సు గురించి. బండి గురించి కాదు. మీ దగ్గర ఎల్.ఎం.వి. ఉంది, కాబట్టి పసుపు ప్లేటు బండి నడపొచ్చు. అంతేగానీ తెల్ల ప్లేటు కారును బాడుగకు తిప్పొచ్చని ఏ కోర్టూ అనలేదు. సొంత కారులో కాణిపాకం, తిరుమల యాత్రికులను ఎక్కించుకుని డబ్బు తీసుకుంటే అది పర్మిట్ లేని బండి నడపడమే. కేంద్ర చట్టం ప్రకారం 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అంతకంటే పెద్ద దెబ్బ ఇన్సూరెన్సుది. సొంత కారు పాలసీ తిరగేసి చూడండి. దాన్ని బాడుగకూ, సరుకు రవాణాకూ వాడకూడదని షరతు అచ్చువేసి ఉంటుంది. అలాంటి ట్రిప్పులో ప్రమాదం జరిగితే ఆ ఒక్క వాక్యం ఇల్లు గుల్ల చేస్తుంది.

దీన్నే తిప్పి చూడండి. కారు ఎవరిదో, ప్రయాణించేది వాళ్ళే, మీరు కేవలం తోలిపెట్టి కూలి తీసుకుంటున్నారు. ఇక్కడ బాడుగకు పోయింది కారు కాదు, మీ చేతులు. తెల్ల ప్లేటు కారైనా తప్పేమీ లేదు. చిత్తూరు, బెంగళూరు, చెన్నై వైపు దీన్నే యాక్టింగ్ డ్రైవర్ పని అంటారు. ఒక రోజు, రెండు రోజులు పిలుస్తారు, కూలీ బత్తా ఇస్తారు. బెంగళూరు నుంచి సొంత కారులో తిరుమలకు బయల్దేరి, రాత్రంతా తోలి అలిసిపోయిన కుటుంబాలకు ఘాట్ రోడ్డు తెలిసిన మనిషి కావాలి. ఆ దారిలో బంగారుపాళ్యం నట్టనడుమ ఉంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే కూడా ఈ మండలం మీదుగానే పోతోంది. ఇక్కడ ఈ పని ఇంకా నోటి మాట మీదే నడుస్తోంది. హోటలు కౌంటర్లో, పెట్రోలు బంకులో, మెకానిక్కు దగ్గర మీ నంబరు ఉండటమే ప్రకటన.

ఇంటి డ్రైవరు, డాక్టరు గారి కారు, షోరూంలో టెస్ట్ డ్రైవ్, సర్వీసుకు బండి తెచ్చి మళ్ళీ ఇంటి దగ్గర వదిలే పని, ఇవన్నీ కూడా కారు లైసెన్సుతో దొరికేవే. చిత్తూరు, తిరుపతి పట్టణాల్లో ఇవి ఎక్కువ. పార్సిళ్ళు, భోజనాలు చేరవేసే పనికి గేరు బైకు లైసెన్సు చాలంటారు. చేరే ముందు పైన చెప్పిన పాలసీ షరతును బైకు పాలసీలోనూ ఒకసారి చూసుకోండి.

ప్రభుత్వం ఇచ్చే పని మీద ఆశ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 2021 జనవరి 21న రాష్ట్రంలో ఇంటింటికీ రేషన్ తీసుకెళ్ళే 9,260 బండ్లు రోడ్డెక్కాయి. అన్నీ చిన్న బండ్లే, 7,500 కిలోల గీతకు చాలా కింద. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్ళీ దుకాణాలకు మారింది, ఆ బండ్లు ఆగిపోయాయి. తోలినవాళ్ళు వేరే పని చూసుకోవాల్సి వచ్చింది. డ్రైవరు పని ఎవరి విధానం మీద నడుస్తుందో ముందు చూసుకోవాలని నేను అనేది ఇందుకే.

కువైట్ సంగతి చెప్పకపోతే మా వైపు పాఠకులు ఒప్పుకోరు. రాయచోటి, రాజంపేట, మదనపల్లె నుంచి ఇళ్ళల్లో డ్రైవర్లుగా పోయినవాళ్ళు ఊరికి నలుగురైనా ఉంటారు. మన కార్డు అక్కడ చెల్లదు, అక్కడి పరీక్ష రాసి అక్కడి లైసెన్సు తెచ్చుకోవాలి. ఇక్కడి అనుభవం ఆ పరీక్షకు పనికొస్తుంది, అంతే. ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడొచ్చు. ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లక్షన్నర అడిగేవాడు ఏ నిబంధన కింద అడుగుతున్నాడో అడిగి చూడండి, జవాబు కంటే ముందు కోపం వస్తుంది.

తిరిగి మండీ దగ్గరికి. ఈసారి బ్యాడ్జి అడిగితే ఏం చేయాలి? వాదనకు దిగకండి, ఆయన పనిచ్చేవాడు. తీర్పు ప్రతి, కేంద్రం రాసిన లేఖ ఫోనులో పెట్టుకుని చూపించండి. మీ కార్డు, బండి ఆర్.సి. డిజిలాకర్‌లో ఉంటే చెక్‌పోస్టులో అవే చెల్లుతాయి. అప్పటికీ ఆయన మెత్తబడకపోతే, తన ఇన్సూరెన్సు ఏజెంటుకే ఫోన్ చేసి అడగమనండి. వాళ్ళ నోట విన్నదానికి ఉన్న విలువ మన నోటికి ఉండదు. మీ లైసెన్సు గడువు తీరలేదని మాత్రం ముందే చూసుకోండి. తీర్పు ఎంత గట్టిదైనా గడువు తీరిన కార్డుకు ప్రాణం పోయలేదు.

పని ఖాయమయ్యాక పాలసీ కాగితం ఒకసారి చేతికి తీసుకోండి. ప్రీమియం లెక్కలో 'పెయిడ్ డ్రైవర్' అని ఒక వరుస ఉంటుంది. కారుకు తప్పనిసరిగా తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని తానే నడిపినప్పుడు ఆయనకు. కూలికి తోలే మీకు కాదు. మీకేదైనా అయితే యజమాని మీద పడే బాధ్యతను కంపెనీ మోయాలంటే ఆ వరుసలో డబ్బు కట్టి ఉండాలి. ఎంతో తెలుసా? ఏడాదికి ఒక డ్రైవరుకు 50 రూపాయలు. చాలా పాలసీల్లో ఆ వరుస ఖాళీగా ఉంటుంది. పాపం యజమాని వద్దనుకుని కాదు, అలాంటిది ఒకటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పాలసీ నడుస్తుండగానే చేర్పించమని కంపెనీని అడగొచ్చు. మండీ బయట టీ బంకులో నలుగురు తలా ఒక టీ తాగినా దాదాపు అంతే అవుతుంది.