సగం ఇంజను, నిండు బరువు

సి.బెళగల్ పొలాల ఉల్లి కర్నూలు యార్డుకు పోవాలన్నా, పత్తి ఆదోని మార్కెట్‌కు చేరాలన్నా చిన్న రైతు వెతికేది లారీని కాదు, టాటా ఏస్‌ను. పాత ఏస్ ఉన్న ఇళ్ల ముందు ఆదివారం సీటు పైకెత్తి ఉంటుంది. ఇంజను ఉండేది ఆ సీటు కిందే.

2005 మేలో టాటా మోటార్స్ ఈ బండిని తెచ్చింది. దాన్ని రూపొందించిన గిరీశ్ వాఘ్ బృందానికి అసలు చిక్కు ధర. ట్రాలీ ఆటో నడిపేవాడు కొనగలగాలి, ముప్పావు టన్ను మోయాలి. అందుకే కొత్త ఇంజను జోలికి పోకుండా ఇండికా కారు ఇంజనును సగానికి తగ్గించారు. నాలుగు సిలిండర్ల 1405 సీసీ కాస్తా రెండు సిలిండర్ల 702 సీసీ అయింది. సిలిండరు వ్యాసం 75 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 79.5. ఈ కొలతలు మారలేదు. శక్తి 16 హార్స్‌పవర్. ఇంత పొదుపైన ఆలోచన మన వాహన పరిశ్రమలో అరుదు.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని 20 రెట్లకు పైగా నొక్కితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఏస్‌లో డీజిల్ నేరుగా పిస్టను మీద పడదు. హెడ్‌లోని చిన్న గదిలో పడి, సుడి తిరిగే గాలిలో కలిసి మండుతుంది. జర్మనీలో ప్రోస్పర్ లొరాంజ్ 1909లో పేటెంటు పొందిన ముందుగది ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. దీనివల్ల ఇంజను మోత తగ్గుతుంది, పంపు, నాజిల్ చవకగా సరిపోతాయి. కానీ ఆ గది గోడలు వేడిని లాగేస్తాయి. ఇంటి దగ్గర చేసే రిపేర్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

చలికాలం పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోకపోతే ముందు ఆ గదిని వేడెక్కించే హీటర్ ప్లగ్గులు చూడాలి. వైరు తీసి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్ట్ బల్బు తాకిస్తే మంచి ప్లగ్గు దగ్గర బల్బు వెలుగుతుంది. వేసవిలో కథ తిరగబడుతుంది. గోడలు లాగిన వేడంతా నీళ్లలోకే పోతుంది కాబట్టి రేడియేటర్ రెక్కల్లో దుమ్ము పేరుకుంటే ఇంజను ఉడికిపోతుంది. హెడ్ వంగి గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిస్తే, డిప్‌స్టిక్ మీద ఆయిలు పాల టీ రంగులో కనిపిస్తుంది. ఆ రంగు చూశాక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

డీజిల్ అయిపోయినా, ఫిల్టరు మార్చినా లైనులోకి గాలి దూరుతుంది. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. ఫిల్టరు స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు నొక్కడమే మందు.

2020 ఏప్రిల్ నుంచి పొగ మీద బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. కొత్త కామన్ రైల్ డీజిళ్లలో ఒత్తిడి 1000 బార్లు మించుతుంది, సెన్సర్లు చెప్పేది చదవడానికి స్కానర్ కావాలి. పొగ తగ్గింది, అది మంచిదే. పానాతో ఇంట్లో తేలే పని మాత్రం తగ్గింది.

పాత ఏస్ ఉన్నవారికి ఒక మాట. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఛాసిస్ కింద గట్టి దిమ్మెలు వేశాకే పానా పట్టండి.