సంతకానికి ముందు నాలుగో ఆర్టికల్

ఖతర్ కార్మిక చట్టం మొత్తం నెట్‌లో ఉచితంగా ఉంది. బర్వా అల్ బరాహాలో ఉంటున్న మన మనిషి చేతిలో ఫోనూ ఉంది. మధ్యలో తెగిన దారి గురించి ఈ కథనం.

చట్టాల సమాచారం పైసా ఖర్చు లేకుండా ఎక్కడ దొరుకుతుందో రాయాలి, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి పనికిరావాలి, గురువారానికి పేజీలు కట్టాలి. ఎడిటర్ గారు అప్పగించిన పని ఇది. వెబ్‌సైట్ల పేర్లు వరసగా ఇస్తే గడువులో తేలిగ్గా అయిపోయేది. కానీ తెరిచిన మొదటి సైటులో, మొదటి చట్టంలో, నాలుగో ఆర్టికల్ దగ్గరే ఆగాల్సి వచ్చింది. ఇంత విలువైన మూడు నాలుగు వాక్యాలు ఇంతమందికి తెలియకుండా ఎలా ఉండిపోయాయన్న బాధతోనే మిగతాదంతా రాస్తున్నాను.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాని మనవాళ్లు సనయ్య అంటారు. ఆ వైపునే ఉంది బర్వా అల్ బరాహా. యాభై వేల మందికి పైగా కార్మికులు ఉండేలా కట్టిన వసతి నగరం, దాన్ని ఆనుకుని వేల లారీలు ఆపుకునే ప్రాంగణం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచీ, కడప, రాజంపేట, కోనసీమ, శ్రీకాకుళం వైపు నుంచీ ఖతర్‌కి వెళ్లేవాళ్లకి ఇలాంటి క్యాంపు జీవితం కొత్త కాదు. అక్కడ చట్టం వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎవరో పంపిన వాయిస్ మెసేజ్, ఎప్పటిదో తెలియని స్క్రీన్‌షాట్, ఫలానా కంపెనీలో ఇలా ఇచ్చారట అన్న మాట. అందులో కొంత నిజం ఉంటుంది. ఏది నిజమో తేల్చుకోవడానికి అసలు కాగితం కావాలి.

ఆ అసలు కాగితం ఉన్న చోటు అల్ మీజాన్. ఖతర్ న్యాయ మంత్రిత్వ శాఖ నడిపే చట్టాల పోర్టల్ అది. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. చట్టం నంబరూ సంవత్సరమూ తెలిస్తే చాలు. కార్మిక చట్టం 2004 నాటి 14వ నంబరు. ఒక్కో ఆర్టికల్‌ని విడిగా తెరవచ్చు.

ఆ నాలుగో ఆర్టికల్

ఉద్యోగం వదిలి ఇంటికి బయలుదేరే రోజున కంపెనీ ఆఫీసులో ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం ముందు పెడతారు. నాకు రావాల్సినదంతా ముట్టింది, ఇక కంపెనీ మీద ఏ క్లెయిమూ లేదు అని అందులో ఉంటుంది. రాత్రికి విమానం. టికెట్ చేతిలో ఉంది. లెక్క తక్కువగా కనిపించినా అప్పుడు ఎవరు అడుగుతారు? సంతకం పెట్టాక ఊళ్లో దిగి, ఇక చేసేదేముందిలే అని ఊరుకుంటారు. సంతకం పడింది కాబట్టి హక్కు పోయిందని అందరూ నమ్ముతారు.

చట్టం అలా చెప్పడం లేదు. నాలుగో ఆర్టికల్ సారం ఇది: ఈ చట్టంలో కార్మికుడికిచ్చిన హక్కులు కనీస హక్కులు. వాటికి విరుద్ధంగా రాసుకున్న షరతు ఏదైనా, కార్మికుడికి మరింత మేలు చేసేది అయితే తప్ప, చెల్లదు. చట్టప్రకారం రావాల్సినదాన్ని వదులుకుంటున్నానని, రాజీపడుతున్నానని రాసిచ్చినా అది చెల్లదు.

ఆ చివరి మాటని తొందరపడకుండా చదవాలి. డబ్బు అందిందని పెట్టిన సంతకం అందినదానికి సాక్ష్యం అవుతుంది. నిజంగా అందిన సొమ్ముని ఎవరూ రెండోసారి అడగలేరు. కానీ రావాల్సినది అయిదు వేల రియాల్లయితే, మూడు వేలు చేతిలో పెట్టి మిగతాది వదులుకున్నానని రాయించుకుంటే, ఆ వదులుకోవడాన్ని చట్టం గుర్తించదు. కాగితం మీద ఎంత అంకె ఉంది, బ్యాంకులో ఎంత పడింది అన్నదే అసలు ప్రశ్న. 2015 నాటి సవరణతో జీతాలు బ్యాంకు ద్వారానే పడాలి, గడువు దాటిన ఏడు రోజుల లోపల పడాలి. కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటే మనవాడి పెద్ద ఆధారం. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని దాచుకోవడానికి వకీలు అక్కర్లేదు.

రావాల్సినది ఎంతో ఎలా తెలుస్తుంది? 54వ ఆర్టికల్ తెరవాలి. ఏడాదికి పైగా పనిచేసినవాడికి ఏడాదికి మూడు వారాల జీతానికి తగ్గకుండా గ్రాట్యుటీ ఇవ్వాలి, ఏడాదిలో మిగిలిన నెలలకీ ఆ వంతున ఇవ్వాలి. లెక్క కట్టాల్సింది చివరగా తీసుకున్న బేసిక్ (మూలవేతనం) మీద. ఈ ఒక్క మాటలో చాలా డబ్బుంది. ఎనిమిది వందల రియాల్ల బేసిక్‌తో చేరి, ఇప్పుడు వెయ్యి తీసుకుంటున్న మనిషి ఏడేళ్లు చేశాడనుకుందాం. వెయ్యి మీద మూడు వారాలంటే 700, ఏడేళ్లకి 4,900 రియాల్లు. చేరినప్పటి బేసిక్‌తో లెక్కేస్తే 3,920 వస్తుంది. తేడా 980. దాదాపు ఒక నెల జీతం. ఆ తేడా పట్టుకోవాలంటే కావాల్సింది మూడో తరగతి గుణకారమూ, 54వ ఆర్టికలూ.

ఇక పదో ఆర్టికల్. ఇది భరోసా ఇస్తుంది, భయమూ పెడుతుంది. కార్మికుడు వేసే కేసుకి కోర్టు ఫీజు లేదు, వాటిని త్వరగా విచారించాలి. అంతవరకూ భరోసా. కాంట్రాక్టు ముగిసిన రోజు నుంచి ఏడాది దాటితే కేసు వేసే హక్కు పోతుంది. ఇదీ భయం. 2020లో కొవిడ్ వేళ వందేభారత్ విమానాల్లో హడావుడిగా తిరిగొచ్చిన వాళ్లలో ఎందరో బకాయిలు అక్కడే వదిలి వచ్చారు. పరిస్థితులు కుదుటపడ్డాక చూద్దామనుకున్నవాళ్లకి ఈ ఏడాది గడువు గురించి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

గడువు లోపల ఫిర్యాదు చేస్తే దారి ఇలా నడుస్తుంది. మొదట కార్మిక శాఖ రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే 2017 నాటి 13వ చట్టంతో ఏర్పడిన వివాద పరిష్కార కమిటీకి వెళ్తుంది. దానికి అధ్యక్షుడు జడ్జి. మూడు వారాల్లో తేల్చాలని చట్టం. ఆచరణలో ఆలస్యాలుంటాయి, తీర్పు వచ్చాక డబ్బు రాబట్టుకోవడం మరో పోరాటం. అందుకే ఖతర్‌లో ఉండగానే మొదలుపెట్టినవాడికి అవకాశం ఎక్కువ.

పాత పీడీఎఫ్ ప్రమాదం

గూగుల్‌లో కొడితే ఖతర్ చట్టం అంటూ లెక్కలేనన్ని పీడీఎఫ్‌లు వస్తాయి. వాటిలో ఎన్నో 2004 పాఠానివే. తర్వాతి సవరణలు వాటిలో ఉండవు. 2018లో ఎక్కువమంది కార్మికులకి, దేశం వదలడానికి కంపెనీ ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్ అవసరం పోయింది. 2020లో ఉద్యోగం మారడానికి పాత కంపెనీ ఎన్ఓసీ అక్కర్లేదని మార్చారు; రెండేళ్ల లోపు పనిచేస్తే నెల, అంతకు మించితే రెండు నెలల నోటీసు చాలు. కనీస వేతనం వెయ్యి రియాల్లు, వసతి కంపెనీ ఇవ్వకపోతే మరో 500, భోజనం ఇవ్వకపోతే 300 అన్నది 2021 మార్చి 20 నుంచి అమల్లోకి వచ్చింది. పాత పీడీఎఫ్ చూసి, కఫీల్ (స్పాన్సర్) ఒప్పుకుంటే తప్ప కదల్లేమని నమ్మి కూర్చున్న మనిషికి ఈ మార్పులన్నీ లేనట్టే. ఏ పాఠం చదివినా తేదీ చూడండి. అల్ మీజాన్‌లోనూ ఇంగ్లీషు అనువాదం ఒక్కోసారి అరబ్బీకి వెనకబడుతుంది కాబట్టి సవరణ చట్టాన్ని విడిగా వెతికి చూడటం మంచిది. తొమ్మిదో ఆర్టికల్ ప్రకారం కాంట్రాక్టులోనూ తేడా వస్తే అరబ్బీ పాఠానిదే పైచేయి.

ఎలా వచ్చింది ఈ ఉచితం

చట్టం అందరి సొత్తు, దాన్ని నెట్‌లో ఊరికే ఇవ్వాలన్న ఆలోచన 1992లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో మొదలైంది. 1995లో ఆస్ట్రేలియాలో ఆస్ట్‌లీ అనే ఉచిత చట్టాల సైటు, 2002లో చట్టాలు అందరికీ ఉచితంగా అందాలన్న మాంట్రియల్ ప్రకటన, 2008లో మన దగ్గర ఇండియన్ కానూన్ సైటు వచ్చాయి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన తీర్పుల్ని ఈ-ఎస్సీఆర్ పేరుతో ఉచితంగా పెట్టింది. కొన్ని తీర్పులు తెలుగులోనూ ఉన్నాయి.

బాక్స్: పాస్‌పోర్టు, ఎండ, ఓవర్‌టైం

పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచుకోకూడదు. కార్మికుడు రాతపూర్వకంగా కోరితేనే ఉంచాలి. ఇది 2015 నాటి 21వ చట్టంలో ఉంది, తప్పితే 25 వేల రియాల్ల దాకా జరిమానా. ఓవర్‌టైంకి బేసిక్ మీద 25 శాతానికి తగ్గకుండా అదనం, రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా చేసినదానికి 50 శాతం (74వ ఆర్టికల్, షిఫ్టు పనివాళ్లకి ఈ రాత్రి లెక్క వర్తించదు). జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 నుంచి 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఇళ్లలో పనిచేసే డ్రైవర్లు, వంటవాళ్లు ఈ కార్మిక చట్టం కిందకి రారు. వాళ్లు చూడాల్సింది 2017 నాటి 15వ చట్టం.

బాక్స్: ఊళ్లో ఉన్నవాళ్లకి

వెళ్లకముందే ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. రాయబార కార్యాలయం దాకా ఫిర్యాదు చేరాలంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది. మన చట్టాల అసలు పాఠాలకి ఇండియా కోడ్, కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి ఈ-కోర్ట్స్. ఉచిత న్యాయ సహాయానికి నల్సా నంబరు 15100.

తెలుగులో ఏది?

అల్ మీజాన్ రెండు భాషల్లోనే ఉంది. ఆ రెండూ రానివాడికి అది తెరిచి ఉన్నా మూసినట్టే. మొత్తం చట్టాన్ని తెలుగు చేయమని అడగడం లేదు. 4, 9, 10, 54, 74 ఆర్టికల్స్, జీతం గురించిన 66, సెలవుల గురించిన 79, ఉద్యోగం మారే నిబంధన. పది పేజీలు దాటవు. పైన తేదీ వేసి, సవరణ వచ్చినప్పుడల్లా మార్చి, చదవలేనివాళ్ల కోసం ఆడియో జతచేస్తే అదే వాట్సాప్‌లో సరైన మాట తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌కి ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్టీఎస్ ఉంది, తెలంగాణకి విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ ఉంది, దోహాలో తెలుగు సంఘాలున్నాయి, లా కాలేజీల్లో చురుకైన విద్యార్థులున్నారు. ఈ పని ఎవరైనా చేయగలరు. ఎవరో ఒకరు చేయాలి.

అంతవరకు, ఖతర్‌లో మీవాళ్లున్న ప్రతి ఇంటికీ ఒక విన్నపం. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చేతికి రాగానే, సంతకానికి ముందే ఫోటో తీసి ఇంటికి పంపమని చెప్పండి. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు అల్ మీజాన్‌లో 54వ ఆర్టికల్ తెరిచి లెక్క వేయండి. తేడా ఉంటే అక్కడ ఉండగానే ఫిర్యాదు చేయమనండి. సంతకం అయిపోయి ఇల్లు చేరినా నాలుగో ఆర్టికల్ ఉంది, కానీ పదో ఆర్టికల్ గడువు ఏడాదే.