డైరెక్టర్లు, అధికారుల బాధ్యతా బీమా

గత యూనిట్‌లో మీరు అగ్ని బీమా, సముద్ర బీమా గురించి చదివారు. గోదాము, సరుకు, ఓడ వంటివి కంటికి కనిపిస్తాయి. నష్టం ఏ రోజున జరిగిందో కూడా తెలుస్తుంది. ఈ యూనిట్‌లో చదవబోయే బీమాకు ఆ రెండు సౌకర్యాలూ లేవు. కంపెనీ బోర్డులో కూర్చుని ఒక వ్యక్తి తీసుకున్న నిర్ణయం వల్ల అతని మీద పడగల బాధ్యతకు ఇక్కడ బీమా చేస్తారు. ఆ నిర్ణయం తప్పో ఒప్పో తేలడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. దీన్నే డైరెక్టర్లు, అధికారుల బాధ్యతా బీమా అంటారు. వాడుకలో 'డి అండ్ ఓ పాలసీ' అని పిలుస్తారు.

బాధ్యత ఎక్కడి నుంచి వస్తుంది?

కంపెనీకి చట్టరీత్యా వేరే వ్యక్తిత్వం ఉంటుందని, వాటాదారుల బాధ్యత పరిమితమని మీకు తెలుసు. చాలామంది విద్యార్థులు ఈ పరిమిత బాధ్యత డైరెక్టర్లకు కూడా వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. 2013 కంపెనీల చట్టంలోని 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టరు సద్బుద్ధితో, తగిన జాగ్రత్త, నైపుణ్యం, శ్రద్ధలతో, స్వతంత్రంగా ఆలోచించి పనిచేయాలి. తన సొంత ప్రయోజనం కంపెనీ ప్రయోజనానికి అడ్డు రాకుండా చూసుకోవాలి. ఈ విధిని ఉల్లంఘిస్తే అతని సొంత ఆస్తి మీదికే రావచ్చు.

అడగగలవారు ఒకరిద్దరు కారు. 245వ సెక్షన్ కింద వాటాదారులు, డిపాజిటుదారులు కలిసి సామూహిక దావా వేయవచ్చు. సెబీ విచారణ జరపవచ్చు. కంపెనీ ఇచ్చిన చెక్కు చెల్లకపోతే, అప్పట్లో వ్యవహారాలు నడిపిన వ్యక్తి మీద కూడా కేసు పెట్టే వీలు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 141వ సెక్షన్ కల్పిస్తోంది. 2016 దివాలా స్మృతిలోని 66వ సెక్షన్ మరింత కఠినమైనది. దివాలా తప్పదని తెలిసి కూడా, లేదా తెలిసి ఉండవలసిన స్థితిలో ఉండి కూడా, రుణదాతల నష్టం తగ్గించడానికి శ్రద్ధ చూపని డైరెక్టరు చేత కంపెనీ ఆస్తుల్లోకి సొమ్ము కట్టించవచ్చు.

స్వతంత్ర డైరెక్టర్లకు 149వ సెక్షన్‌లోని 12వ ఉపవిభాగం కొంత రక్షణ ఇస్తుంది. బోర్డు ప్రక్రియల ద్వారా వారికి తెలిసి, వారి సమ్మతితో లేదా కుమ్మక్కుతో జరిగిన పనులకు, వారు శ్రద్ధ వహించని సందర్భాలకు మాత్రమే వారు బాధ్యులు. అయితే 'నేను శ్రద్ధ వహించాను' అని నిరూపించుకోవడానికి కూడా న్యాయవాది కావాలి, ఫీజు కట్టాలి. ఈ బీమా అసలు అవసరం ఇక్కడే ఉంది.

సత్యం కంప్యూటర్స్ ఉదంతం

హైదరాబాదు కేంద్రంగా నడిచిన సత్యం కంప్యూటర్స్ కథ మీరు వినే ఉంటారు. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. మదుపరులు తీవ్రంగా వ్యతిరేకించడంతో వెంటనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో వేల కోట్ల రూపాయల మోసం జరిగిందని లేఖ రాశారు. సత్యం షేర్లకు సంబంధించిన డిపాజిటరీ రశీదులు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా నమోదై ఉండటంతో అమెరికాలో సామూహిక దావాలు పడ్డాయి. కంపెనీ 2011లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఆడిట్ కమిటీలో ఉన్న స్వతంత్ర డైరెక్టర్ల మీద కూడా ఆ దావా పడింది. న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు వారిపై ఆరోపణలను 2013 జనవరిలో కొట్టివేసింది. అంటే నాలుగేళ్లు. చివరికి బాధ్యత లేదని తేలినవారికి కూడా నాలుగేళ్ల పాటు విదేశీ న్యాయస్థానంలో వాదన నడపాల్సి వచ్చింది. డి అండ్ ఓ పాలసీ అనగానే పరిహారం సొమ్ము గుర్తుకు వస్తుంది కానీ, ఆచరణలో వాదనా ఖర్చులను ఎప్పటికప్పుడు ముందుగా చెల్లించడమే దాని ప్రధాన ఉపయోగమని చెప్పవచ్చు.

పాలసీలోని మూడు భాగాలు

ఈ పాలసీలో సాధారణంగా సైడ్ ఎ, సైడ్ బి, సైడ్ సి అనే మూడు రక్షణలు ఉంటాయి. డైరెక్టరు ఖర్చును కంపెనీయే భరించి, ఆ మొత్తాన్ని బీమా సంస్థ నుంచి తిరిగి రాబట్టుకుంటే అది సైడ్ బి. షేర్లకు సంబంధించిన దావాల్లో కంపెనీ మీదే పడే బాధ్యతకు వర్తించేది సైడ్ సి. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పవలసింది పెద్దగా లేదు.

సైడ్ ఎ మాత్రం నిదానంగా చదవండి. కంపెనీ డైరెక్టరును ఆదుకోలేని స్థితిలో, ముఖ్యంగా దివాలా తీసినప్పుడు, బీమా సంస్థ నేరుగా ఆ వ్యక్తి తరఫున చెల్లిస్తుంది. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ 2001 డిసెంబరులో దివాలా తీసింది. 2005లో దాని మాజీ డైరెక్టర్లు 16.8 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నారు. అందులో 15.5 కోట్లు బీమా నుంచి వచ్చాయి. మిగిలిన 1.3 కోట్లు పదిమంది డైరెక్టర్లు సొంత జేబుల్లోంచి కట్టారు. బీమా లేకపోతే వారి పరిస్థితి ఏమిటో, బీమా ఉన్నా ఎంత మిగిలిపోవచ్చో ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది.

మూడు భాగాలకూ కలిపి ఒకే గరిష్ఠ పరిమితి ఉంటే ఒక ఇబ్బంది ఉంది. ఉమ్మడి కుటుంబంలో ఒకే సంచిలోంచి అందరూ ఖర్చు పెట్టినట్టు, కంపెనీ మీద పడిన దావాకే పరిమితి అంతా అయిపోతే డైరెక్టరుకు మిగిలేది శూన్యం. అందుకే అనుభవమున్న స్వతంత్ర డైరెక్టర్లు సైడ్ ఎ కోసం విడిగా ఒక మొత్తం కేటాయించమని అడుగుతారు.

క్లెయిము తేదీయే ప్రధానం

అగ్ని బీమాలో ప్రమాదం జరిగిన రోజున పాలసీ అమల్లో ఉందా అని చూస్తాం. డి అండ్ ఓ పాలసీలో క్లెయిము వచ్చిన రోజున పాలసీ ఉందా అని చూస్తారు. నిర్ణయం 2021లో తీసుకున్నా, దావా 2024లో పడితే 2024 నాటి పాలసీయే వర్తిస్తుంది. అయితే ఆ నిర్ణయం పాలసీలో రాసిన వెనుకటి తేదీ కంటే ముందుది కాకూడదు. క్లెయిము సంగతిని పాలసీ కాలంలో గాని, ఆ తర్వాత అనుమతించిన గడువులో గాని బీమా సంస్థకు తెలియజేయాలి. పదవి వదిలేసిన డైరెక్టరుకు కూడా ఈ కారణంగానే రక్షణ కొనసాగాలి. కంపెనీ వేరొకరి చేతిలోకి పోయినప్పుడు పాత బోర్డు కోసం కొన్నేళ్లపాటు 'రన్ ఆఫ్' రక్షణ కొంటారు.

ఏవి వర్తించవు?

మోసం, అక్రమంగా పొందిన సొంత లాభం ఈ బీమా పరిధిలోకి రావు. ఇవి జరిగాయని ఎవరు, ఎప్పుడు తేల్చాలి? చాలా పాలసీలు తుది తీర్పు వచ్చే దాకా, లేదా ఆ వ్యక్తి స్వయంగా లిఖితపూర్వకంగా ఒప్పుకునే దాకా వాదనా ఖర్చులు చెల్లిస్తూనే ఉంటాయి. ఆరోపణ వచ్చినంత మాత్రాన చెల్లింపు ఆపరు. సత్యం కేసులో హైదరాబాదు ప్రత్యేక కోర్టు తీర్పు 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఒప్పుకోలు లేఖ మాత్రం ఆరేళ్ల ముందే ఉంది. పై నిబంధనలోని 'లిఖితపూర్వకంగా' అనే ఒక్క మాట ఎంత తేడా తెస్తుందో ఇలాంటి సందర్భంలో అర్థమవుతుంది.

ఒకరి మోసం వల్ల మిగతా డైరెక్టర్ల రక్షణ పోకూడదనే షరతు కూడా ఉండాలి. బీమా ఒప్పందానికి అత్యంత సద్విశ్వాసం పునాది అని చదివారు కదా. ప్రతిపాదన పత్రం మీద సంతకం పెట్టిన మేనేజింగ్ డైరెక్టరు తప్పుడు లెక్కలు జతచేశాడనుకోండి. ఈ షరతు లేకపోతే ఏమీ తెలియని డైరెక్టరు విషయంలో కూడా పాలసీ చెల్లదని బీమా సంస్థ వాదించగలదు. పాలసీ మొత్తంలో నేను ముందుగా వెతకమనే షరతు ఇదే. చట్టం విధించే జరిమానాలు, శారీరక గాయాలు, ఆస్తి నష్టాలు కూడా సాధారణంగా ఈ పాలసీ పరిధికి బయటే ఉంటాయి.

మారుతున్న చట్టం, మారుతున్న నష్టభయం

1956 కంపెనీల చట్టంలోని 201వ సెక్షన్, డైరెక్టర్లను వారి నిర్లక్ష్యం నుంచి, విధి ఉల్లంఘన నుంచి తప్పించే ఒప్పందాలు చెల్లవని చెప్పింది. 2013 చట్టంలో ఆ నిషేధం లేదు. పైగా మేనేజింగ్ డైరెక్టరు, ముఖ్య ఆర్థిక అధికారి వంటి వారి కోసం కంపెనీ కట్టే ప్రీమియం వారి పారితోషికంలో భాగం కాదని 197వ సెక్షన్‌లోని 13వ ఉపవిభాగం పేర్కొంది. ఆ వ్యక్తి దోషి అని రుజువైతే మాత్రం అదే ప్రీమియం పారితోషికం కిందకు వస్తుంది.

సెబీ ఇంకో అడుగు ముందుకు వేసింది. మార్కెట్ విలువ రీత్యా మొదటి 500 లిస్టెడ్ కంపెనీలు తమ స్వతంత్ర డైరెక్టర్లకు ఈ బీమా తీసుకోవాలన్న నియమం 2018 అక్టోబరు 1 నుంచి అమలైంది. 2022 జనవరి 1 నుంచి దాన్ని మొదటి 1000 కంపెనీలకు విస్తరించారు. ఎంత మొత్తానికి, ఏ నష్టభయాలకు అన్నది బోర్డుకే వదిలేశారు. నామమాత్రపు పాలసీతో నియమం పాటించామనిపించుకునే వీలు ఇందులో ఉంది. నియమంలోని బలహీనత అదే.

2020 సవరణ కంపెనీల చట్టంలోని అనేక చిన్న నేరాలకు జైలుశిక్ష తొలగించింది. దాంతో డైరెక్టర్ల భయం తగ్గిందనుకుంటే సగమే నిజం. కొత్త భయాలు వేరే దారుల్లో వస్తున్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. ఆ జరిమానా సంస్థ మీద పడుతుంది. కానీ దాని వల్ల షేరు ధర కూలితే, 'డేటా భద్రతను బోర్డు ఎందుకు పర్యవేక్షించలేదు' అని వాటాదారులు అడగవచ్చు. జరిమానా బీమా పరిధిలోకి రాకపోవచ్చు. ఆ రెండో ప్రశ్నకు డైరెక్టరు ఇచ్చుకునే జవాబు ఖర్చు మాత్రం రావచ్చు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, పరీక్షలో తరచు తడబడేది ఇక్కడే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

విశాఖపట్నంలోని ఒక మందుల కంపెనీ 2021లో ఒక యూనిట్ కొనుగోలుకు ఆమోదం తెలిపిందనుకోండి. ఆమోదించిన డైరెక్టరు ఒకరు 2022లో రాజీనామా చేశారు. ఆ కొనుగోలు వల్ల నష్టపోయామని వాటాదారులు 2024 ఫిబ్రవరిలో ఆయనకు నోటీసు పంపారు. కంపెనీ పాలసీ 2024 మార్చి 31తో ముగిసింది, ఆ తర్వాత సమాచారం ఇవ్వడానికి 60 రోజుల గడువు ఉంది. పాలసీలోని వెనుకటి తేదీ 2019 ఏప్రిల్ 1. ఆయన జూన్ 10న బీమా సంస్థకు తెలియజేశారు. రక్షణ లభిస్తుందా? ఆయన రాజీనామా, నోటీసు తేదీ, సమాచారం ఇచ్చిన తేదీ, ఈ మూడింటిలో ఏది నిర్ణాయకమో కారణాలతో పది వాక్యాల్లో రాయండి.