వార్తల్లో పదం: నాన్‌ రెసిడెంట్‌

లాలాపేట్‌లో సొంతిల్లు, తార్నాకలో బ్యాంకు ఖాతా, ఉద్యోగం మాత్రం డాలస్‌లో. పన్ను లెక్కలో ఈ మనిషి ఎక్కడివాడు? పాస్‌పోర్టు మనదే అయినా పన్ను శాఖ ముందు చూసేది రోజుల లెక్క.

ఏప్రిల్‌ 1 నుంచి మార్చి 31 లోపు 182 రోజులు దేశంలో ఉంటే రెసిడెంట్‌. అంతకు తగ్గినా ఒక మెలిక ఉంది: ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఉన్నా రెసిడెంటే. ఉద్యోగానికి వెళ్లే భారత పౌరులకు ఈ 60 రోజులు 182 అవుతాయి. అందుకే ఆగస్టు 10న కొలువుకని విమానమెక్కి, మార్చి దాకా తిరిగి రానివారు ఆ ఏడాదే నాన్‌ రెసిడెంట్‌. అదే రోజు ఉస్మానియా హాస్టల్‌ గది తాళం అప్పగించి ఎంఎస్‌కు వెళ్లిన విద్యార్థికి చట్టంలోని మాటల ప్రకారం ఈ సడలింపు లేదు. మార్చి 31 దాకా అక్కడ అందుకున్న అసిస్టెంట్‌షిప్‌ డబ్బూ ఇక్కడి రిటర్నులో చూపాల్సిందే. మన పిల్లల్లో చాలామందికి ఈ తేడా ఎవరూ చెప్పరు.

నాన్‌ రెసిడెంట్‌ విదేశంలో సంపాదించి అక్కడే అందుకున్న జీతంపై ఇక్కడ పన్ను లేదు. లాలాపేట్‌ ఇంటి అద్దె మాత్రం ఇక్కడి ఆదాయమే. కిరాయిదారు టీడీఎస్‌ పట్టుకునే ఇవ్వాలి. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉన్నవారు సెలవులకు వస్తే, నాన్‌ రెసిడెంట్‌గానే ఉండాలంటే 120 రోజుల లోపే తిరిగి వెళ్లాలి.

వెళ్లేముందు పాత సేవింగ్స్‌ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ (నాన్‌ రెసిడెంట్‌ ఆర్డినరీ) ఖాతాగా మార్చమని బ్యాంకుకు రాసివ్వండి. రోజుల లెక్కకు రుజువుగా పాస్‌పోర్టు ముద్రల నకళ్లు భద్రపరచుకోండి.